విక్టోరియా కాలపు గ్రామ పాఠశాల భవనం

విక్టోరియా కాలపు గ్రామ పాఠశాల భవనం అనగా విక్టోరియా రాణి పాలనాకాలంలో (1837 - 1901) ఇంగ్లాండు పల్లెలలో పేద పిల్లల చదువు కొరకు నిర్మించబడిన చిన్న పాఠశాల కట్టడం. ఒకే పెద్ద హాలు, ఎత్తైన వాలు కప్పు, నేల నుండి ఎత్తున అమర్చిన కిటికీలు, కప్పు మీద చిన్న గంట గూడు దీని ముఖ్య లక్షణాలు. 20వ శతాబ్దంలో ఇటువంటి పాఠశాలలు అనేకం మూతపడగా, వాటి భవనాలలో కొన్ని ఊరివారి సభలకు, వేడుకలకు ఉపయోగపడే కమ్యూనిటీ హాళ్లుగా మారాయి.

ఈ మార్పు తేలికగా జరగడానికి కారణం భవనపు ప్లానులోనే ఉన్నది. పాఠశాలను మొదటినుండి అనేక గదులుగా కాక ఒకే హాలుగా కట్టడానికి ఆనాటి బోధనా పద్ధతి కారణం. ఆ పద్ధతికి ఇంగ్లాండులో "మద్రాసు పద్ధతి" అని పేరు. అది రూపుదిద్దుకున్న ఎగ్మూరు, నెల్లూరు తీరపు దక్షిణపు కొసన ఉన్న సూళ్లూరుపేటకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. దక్షిణ భారతదేశపు వీధిబడిలో ఇసుక మీద అక్షరాలు దిద్దించే అలవాటు ఆ పద్ధతికి ప్రేరణ.

మద్రాసు పద్ధతి

స్కాట్లాండుకు చెందిన ఆండ్రూ బెల్ (1753 - 1832) 1787లో మద్రాసు చేరాడు. 1789లో ఎగ్మూరులో ప్రారంభమైన సైనిక అనాథ బాలుర ఆశ్రమానికి ఆయన పర్యవేక్షకుడయ్యాడు. ఒకనాడు గుర్రంపై వెళుతూ, ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు నేలమీద పరచిన ఇసుకలో వ్రేలితో అక్షరాలు వ్రాయడం చూశాడు. కాగితం, సిరా ఖర్చు లేని ఈ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టదలచాడు. అక్కడి ఉపాధ్యాయులు ఇందుకు సుముఖత చూపలేదు. అప్పుడు బెల్ జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల బాలుడికి చిన్నపిల్లల తరగతిని అప్పగించాడు. ఆ బాలుడు పెద్దలకంటే చక్కగా ఆ పని నిర్వహించాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పడం, ఒక్క ఉపాధ్యాయుడు అందరినీ పర్యవేక్షించడం అనే విధానం ఈ విధంగా స్థిరపడింది.

బెల్ 1796లో స్వదేశానికి మరలాడు. 1797లో లండనులో తన అనుభవాన్ని ఒక చిన్న పుస్తకంగా ప్రచురించాడు. ఇంచుమించు అదే కాలంలో జోసెఫ్ లాంకాస్టర్ లండనులో దాదాపు ఇటువంటి విధానంతోనే పాఠశాల నడిపాడు. ఈ పద్ధతి మొదట ఎవరిదన్న విషయమై ఇరువురి అనుయాయుల మధ్య చాలాకాలం వాదం సాగింది. ఇంగ్లాండు చర్చి పక్షాన 1811లో ఏర్పడిన నేషనల్ సొసైటీ బెల్ పద్ధతిని స్వీకరించింది. ఇతర క్రైస్తవ శాఖల మద్దతు పొందిన బ్రిటిష్ అండ్ ఫారిన్ స్కూల్ సొసైటీ లాంకాస్టర్ పద్ధతిని అనుసరించింది. విక్టోరియా కాలపు పల్లె బడులలో అధిక భాగం నేషనల్ సొసైటీకి చెందినవే. బెల్ తన జన్మస్థలమైన సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో స్థాపించిన పాఠశాల 1833లో తెరవబడింది. దానికి నేటికీ మద్రాసు కాలేజీ అనే పేరు.

వీధిబడి

బెల్ చూసినటువంటి బడులు తెలుగు ప్రాంతాలలోనూ ఉండేవి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్ల నుండి దేశీయ విద్యపై నివేదికలు కోరాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వీటిలో ప్రసిద్ధమైనది. ఈయన 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో ప్రచురించిన పండితుడు. ఆయన లెక్క ప్రకారం అప్పటి బళ్లారి జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉండేవారు. ఆ పాఠశాలలలో 226 తెలుగు బడులు.

బడి ఉదయం 6 గంటలకు మొదలయ్యేదనీ, అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు వ్రాసేవారనీ క్యాంప్‌బెల్ నమోదు చేశాడు. పిల్లలను చదువు స్థాయిని బట్టి జట్లుగా విభజించి, కింది జట్లను చదువులో ముందున్న పిల్లలకు అప్పగించేవారు. మొదట ఇసుకలో, ఆపైన తాటాకు మీద వ్రాత నేర్పేవారు. ఖర్చు తక్కువగా ఉండే ఈ వ్రాత పద్ధతినీ, పిల్లల చేత పిల్లలకు నేర్పించే విధానాన్నీ ఆయన మెచ్చుకొన్నాడు. ఇంగ్లాండు దానిని అనుకరించడం సముచితమేనని అభిప్రాయపడ్డాడు.

వీధిబడికి ప్రత్యేకమైన భవనం తప్పనిసరి కాదు. పంతులు గారి ఇంటి అరుగు, గుడి మండపం, చెట్టు నీడ చాలును. చలి, వాన ఎక్కువైన ఇంగ్లాండులో అదే పద్ధతికి నాలుగు గోడలు, కప్పు అవసరమయ్యాయి. మండపం వంటి ఆ ఖాళీ స్థలమే అక్కడ పాఠశాల హాలు అయింది.

హాలు ప్లాను

మద్రాసు పద్ధతిలో తరగతి గదులు అక్కరలేదు. ఉపాధ్యాయుడు ఒక్కడే కనుక పిల్లలందరూ ఆయన కంటికి కనపడాలి. అందువలన నిర్మాతలు అడ్డుగోడలు లేని దీర్ఘచతురస్రాకారపు హాలును కట్టారు.

హాలు లోపలి అమరికలో రెండు సంఘాల మధ్య భేదం ఉండేది. లాంకాస్టర్ పాఠశాలలో బెంచీలు ఉపాధ్యాయుని వైపు ముఖం పెట్టి, వరుసలుగా హాలు మధ్యభాగాన్ని నింపేవి. బెల్ పద్ధతిలో వ్రాత బల్లలను గోడల వెంబడి అమర్చి మధ్య నేలను ఖాళీగా వదిలేవారు. ఆ ఖాళీలో పిల్లలు చిన్న చిన్న చతురస్రాలుగా నిలబడి, తమ జట్టు నాయకుడికి పాఠం అప్పగించేవారు. లాంకాస్టర్ తరహా హాలు ఒకటి హిచిన్ పట్టణంలో పూర్తి రూపంలో మిగిలి ఉన్నది. 1837లో 300 మంది బాలుర కొరకు కట్టిన ఈ హాలు ఇప్పుడు మ్యూజియంలో భాగం.

తదుపరి కాలంలో పిల్లల చేత పాఠాలు చెప్పించడంపై విమర్శలు పెరిగాయి. 1839లో ప్రభుత్వం ఏర్పరచిన విద్యా కమిటీకి కార్యదర్శి అయిన జేమ్స్ కే-షటిల్‌వర్త్, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు తరగతుల వారీగా బోధించాలని కోరాడు. 1846లో ఉపాధ్యాయ శిష్యుల పథకం వచ్చింది. అయినను హాలు పోలేదు. 1851 నాటి ప్రభుత్వ సూచనల ప్రకారం హాలులో ఒక పొడవాటి గోడ వెంట మూడు వరుసల బల్లలు వేసి, ఒక్కొక్క జట్టుకు మధ్య తెర కట్టేవారు. మూడు బల్లల వరుసలు, వాటి ముందు ఉపాధ్యాయుడు నిలబడే చోటు సరిపోతే చాలును కనుక హాలు వెడల్పు సుమారు 16 నుండి 20 అడుగులకు పరిమితమైంది. పిల్లల సంఖ్య పెరిగినపుడు పొడవును పెంచేవారు. చాలా పల్లె బడులు సన్నగా, పొడుగ్గా కనపడడానికి ఇది కారణం.

శిశువుల కొరకు హాలు పక్కన ఒక చిన్న గదిని చేర్చేవారు. దానిలో మెట్ల వలె పైకి లేచే ఆసనాల వరుస ఉండేది. దీనిని గ్యాలరీ అనేవారు. శిశు విద్యలో ప్రసిద్ధుడైన శామ్యూల్ వైల్డర్‌స్పిన్ దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆయనకు సంబంధించిన పాఠశాల బార్టన్-అపాన్-హంబర్‌లో 1840లలో నిర్మించబడింది. అదీ ఇప్పుడు మ్యూజియంగా ఉన్నది.

ప్రభుత్వ గ్రాంటు పొందే పాఠశాలలో ఒక్కొక్క విద్యార్థికి కనీసం 8 చదరపు అడుగుల నేల, 80 ఘనపుటడుగుల గాలి ఉండాలని 19వ శతాబ్దపు నిబంధనలు విధించాయి. అనగా కప్పు ఎత్తు సగటున 10 అడుగులకు తగ్గరాదు. హాలు నేటికీ విశాలంగా తోచడానికి ఈ నిబంధన ఒక కారణం.

బాహ్య రూపం

పల్లె బడి తరచుగా చర్చికి దగ్గరలో, చర్చిని పోలి ఉండేది. మొన తేలిన తోరణాల గోతిక్ శైలి, లేదా ట్యూడర్ రాజుల కాలపు గృహశైలి ఎక్కువగా వాడుకలో ఉండేవి. హెచ్.ఇ. కెండాల్ 1847లో ప్రచురించిన పాఠశాల నమూనాల పుస్తకం ఇటువంటి రూపాలను ప్రచారం చేసింది. 1870 తరువాత పట్టణాలలో స్కూలు బోర్డులు ఎర్ర ఇటుకతో క్వీన్ ఆన్ శైలి భవనాలు కట్టాయి. లండను బోర్డు వాస్తుశిల్పి ఇ.ఆర్. రాబ్సన్ 1874లో పాఠశాల వాస్తుపై వ్రాసిన గ్రంథం ఈ మార్పుకు మార్గదర్శకమైంది. పల్లెలలో మాత్రం పాత గోతిక్ రూపం చాలాకాలం కొనసాగింది.

ముఖ్య భాగాలు ఇవి:

కప్పు: ఇరువైపులా బాగా వాలిన కప్పుకు పలకరాయి గాని పెంకులు గాని వాడేవారు. లోపల అడ్డు కప్పు లేక దూలాలు, వాసాలు పైకి కనపడేవి.

కిటికీలు: పిల్లల చూపు బయటకు పోకుండా ఉండుటకు కిటికీలను కూర్చున్న పిల్లవాడి తలకంటే ఎత్తున పెట్టేవారు. త్రికోణాకారపు చివరి గోడలో ఒక పెద్ద కిటికీ ఉండేది.

ద్వారాలు: బాలురకు, బాలికలకు వేర్వేరు ద్వారాలు ఉండేవి. వాటిపై రాతిలో ఆ పేర్లు చెక్కేవారు.

గంట గూడు: కప్పు శిఖరంపై చిన్న గూటిలో గంట వ్రేలాడేది. గడియారాలు లేని ఇళ్లకు అదే బడివేళను తెలిపేది.

శిలాఫలకం: నిర్మించిన సంవత్సరం, దాత పేరు లేదా సంఘం పేరు ముఖద్వారంపై కనపడేవి.

ఉపాధ్యాయుని ఇల్లు: బడికి ఆనుకొని లేదా పక్కనే ఉండేది. చలిమంట కొరకు కట్టిన పొగగొట్టాలు రెండింటికీ ప్రత్యేకం.

గోడలకు స్థానికంగా దొరికే రాయి లేదా ఇటుక వాడడం వలన ఒకే ప్లాను గల భవనాలు ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క రంగులో కనపడతాయి.

నిర్మాణానికి ధనం, భూమి

1833లో బ్రిటిష్ పార్లమెంటు మొదటిసారిగా పాఠశాల భవనాల కొరకు 20,000 పౌన్లు మంజూరు చేసింది. మిగిలిన ధనం చందాల ద్వారా సమకూడేది. భూమిని సాధారణంగా ఊరి భూస్వామి ఇచ్చేవాడు. 1841 నాటి స్కూల్ సైట్స్ చట్టం ప్రకారం పేదల పాఠశాల కొరకు ఒక ఎకరానికి మించకుండా భూమిని దానం చేయవచ్చును. అయితే ఆ స్థలంలో పాఠశాల నడవడం ఆగిపోతే భూమి తిరిగి దాత ఎస్టేటుకు చెందుతుందని ఆ చట్టంలోనే ఉన్నది. ఒక శతాబ్దం తరువాత ఈ నిబంధన అనేక గ్రామాలకు సమస్యగా పరిణమించింది.

1870 ప్రాథమిక విద్యా చట్టం పాఠశాలలు లేని చోట స్కూలు బోర్డుల ఏర్పాటుకు వీలు కల్పించింది. 1880లో పదేళ్ల లోపు పిల్లలకు హాజరు తప్పనిసరి అయింది. 1891లో ప్రాథమిక విద్య చాలావరకు ఉచితమైంది. ఈ కాలంలో పాత హాళ్లకు కొత్త తరగతి గదులు జతచేశారు. ఒక భవనపు గోడల రాళ్లలో, కిటికీల ఆకారంలో కనిపించే తేడాలను బట్టి ఈ దశలను గుర్తించవచ్చును.

మూసివేత, కమ్యూనిటీ హాలుగా మార్పు

20వ శతాబ్దంలో వ్యవసాయ కూలీల సంఖ్య తగ్గి పల్లెలలో పిల్లలు తక్కువయ్యారు. 1944 విద్యా చట్టం పెద్ద పిల్లలకు వేరుగా మాధ్యమిక విద్యను ఏర్పరచడంతో చిన్న బడులలో విద్యార్థులు మరింత తగ్గారు. కొన్ని మూతపడగా, మరికొన్ని కొత్త భవనాలకు తరలిపోయాయి.

ఖాళీ అయిన భవనానికి సాధారణంగా రెండు దారులుండేవి. మొదటిది నివాసగృహంగా మారడం. అప్పుడు హాలు మధ్యలో అంతస్తు వేసి గదులుగా విభజిస్తారు. ఎత్తైన కిటికీ రెండు అంతస్తుల మధ్య చీలిపోతుంది, దూలాలు పడకగదులలోకి పోతాయి. బయటి రూపం నిలిచినను, భవనానికి ప్రాణమైన హాలు మాయమవుతుంది. రెండవది కమ్యూనిటీ హాలుగా మారడం. దీనికి హాలును విడగొట్టనక్కరలేదు. శిశువుల గది వంటగదిగా, కోటులు తగిలించే వసారా మరుగుదొడ్లుగా, ఆటస్థలం వాహనాలు నిలిపే చోటుగా ఉపయోగపడతాయి. బెల్ పద్ధతి కోరిన ఖాళీ నేల ఇప్పుడు సభలకు, నృత్యాలకు, విందులకు అనువవుతుంది.

ఇబ్బందులు కూడా కలవు. ఎత్తైన కప్పు వలన హాలును వెచ్చగా ఉంచడం ఖర్చుతో కూడినది. అడ్డు కప్పు వేస్తే ఖర్చు తగ్గును గాని దూలాలు మరుగున పడతాయి. వృద్ధుల చక్రాల కుర్చీలకు మెట్ల బదులు వాలుబాట కావాలి. ఎత్తైన కిటికీల వలన బయటి దృశ్యం కనపడదు.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు హక్కుకు సంబంధించినది. 1841 చట్టం కింద ఇచ్చిన స్థలమైతే, బడి మూతపడగానే భూమి దాత వారసులకు సంక్రమించేది. ఊరివారు చందాలతో కట్టిన గోడలు కూడా భూమితోపాటే పోయేవి. వారసులు ఎవరో తెలియని సందర్భాలు అనేకం. 1987లో వచ్చిన రివర్టర్ ఆఫ్ సైట్స్ చట్టం ఈ స్థితిని కొంత సవరించింది. స్థలం నేరుగా వారసులకు పోక ధర్మకర్తల వద్దనే ఉంటుంది, వారు వారసుల ప్రయోజనం కొరకు దానిని నిర్వహిస్తారు. అయినను భవనాన్ని హాలుగా ఉంచుకొనదలచిన గ్రామం మొదట దానపత్రాన్ని పరిశీలించవలసి ఉంటుంది.

ఉదాహరణ: లేడీ వాటర్‌ఫోర్డ్ హాలు

స్కాట్లాండు సరిహద్దుకు సమీపాన నార్తంబర్లాండులోని ఫోర్డ్ గ్రామంలో ఉన్న లేడీ వాటర్‌ఫోర్డ్ హాలు ఈ రకమైన భవనాలలో చాలా ప్రసిద్ధమైనది. దీనిని 1860లో వాటర్‌ఫోర్డ్ మార్షనెస్ లూయీసా (1818 - 1891) గ్రామ పాఠశాలగా కట్టించింది. ఆమె భర్త 1859లో గుర్రం మీదనుండి పడి మరణించిన తరువాత ఆమె ఫోర్డ్ కోటలో స్థిరపడి గ్రామాభివృద్ధికి పూనుకొన్నది. లూయీసా అక్క షార్లెట్, భారతదేశపు మొదటి వైస్రాయి కానింగ్ ప్రభువు భార్య. షార్లెట్ 1861 నవంబరులో కలకత్తాలో జ్వరంతో మరణించింది. ఆమె సమాధి బారక్‌పూరులో కలదు.

లూయీసా స్వయంగా చిత్రకారిణి. ఆమె 1862 మొదలు 1883 వరకు రెండు దశాబ్దాలకు పైగా ఈ పాఠశాల గోడలకు నిలువెత్తు చిత్రాలు వేసింది. కాగితంపై నీటిరంగులతో చిత్రించి వాటిని గోడలపై అమర్చింది. కయీను, హేబెలు, అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు, ఏశావు, యోసేపు, మోషే, సమూయేలు, దావీదు మొదలైన బైబిలు కథలలోని బాల్య ఘట్టాలు ఇందులో ఉన్నాయి. హాలు చివర యేసు చిన్నపిల్లలను దీవించే దృశ్యం కలదు. ఈ బొమ్మలకు ఆ ఊరి పిల్లలు, వారి తల్లిదండ్రులే నమూనాలు. అందుచేత బడికి వచ్చే పిల్లవాడు గోడమీద తన పొరుగువారి ముఖాన్ని గుర్తుపట్టగలిగేవాడు.

1957లో బడి కొత్త భవనానికి మారిన పిదప ఈ హాలు గ్రామ సమావేశ మందిరంగాను, చిత్రశాలగాను ఉపయోగపడుతున్నది. చిత్రాలు పొడవాటి గోడల నిండా పరచుకొని ఉండడం వలన ఈ హాలును గదులుగా విడగొట్టే వీలు లేదు. ఆ ఊరి రైతుల, పనివారల, పిల్లల ముఖాలు గల ఈ గోడలు గ్రామానికి చరిత్ర పుస్తకం వంటివి.

సూళ్లూరుపేట ప్రాంతం

మద్రాసునుండి ఇంగ్లాండు చేరిన పద్ధతి, పాఠశాల భవనాల ఆలోచన 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా తిరిగి ఈ తీరానికి వచ్చాయి. జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ తెలుగునాట తన పనిని 1865లో సూళ్లూరుపేటలో ప్రారంభించింది. ఆగస్ట్ మిలియస్ ఇందుకు ఆద్యుడు. నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, కాళహస్తి, తిరుపతి మొదలైన చోట్లకు మిషన్ విస్తరించింది. ప్రార్థనామందిరం, దాని చెంత పాఠశాల అనే జంట ఏర్పాటు ఇంగ్లాండు పల్లెలకు, ఈ మిషన్ కేంద్రాలకు సామాన్యమైనది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ మిషనరీల పని ఆగిపోగా, అమెరికాలోని ఒహాయో లూథరన్లు దానిని చేపట్టారు. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ చర్చి ఈ మిషన్‌కు వారసురాలు. సూళ్లూరుపేట చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది.

ఇంగ్లాండు భవన రూపం ఇక్కడి వాతావరణానికి యథాతథంగా పనికిరాదు. అక్కడ చలిని ఆపాలి, ఇక్కడ ఎండను ఆపి గాలిని రానివ్వాలి. కనుక ఎత్తైన కిటికీల స్థానంలో నేలకు దగ్గరగా వచ్చే కిటికీలు, చలిమంట స్థానంలో వసారా ఈ ప్రాంతానికి తగినవి. తీరంలో ఇటుక, సున్నం ప్రధాన సామగ్రి. పులికాట్ సరస్సులో దొరికే గుల్లలను కాల్చి సున్నం తీసేవారు. కప్పుకు టేకు దూలాలపై ఇటుక పరచి సున్నంతో పూసే మద్రాసు మిద్దె గాని, పెంకులు గాని వాడుకలో ఉండేవి.

పాఠశాల, సమావేశ మందిరం ఒకే కప్పు కింద ఉండడమనే ఆలోచన ఈ తీరంలో మరొక విధంగా నిలిచింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తరువాత ఆంధ్ర తీర గ్రామాలలో తుఫాను రక్షణ కేంద్రాలు నిర్మించారు. 2011లో ఆమోదం పొందిన జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు పథకం కింద మరికొన్ని వచ్చాయి. స్తంభాలపై ఎత్తుగా కట్టిన ఈ కేంద్రాలను మామూలు రోజులలో బడులుగా, ఊరి సభామందిరాలుగా వాడుకునేలా రూపొందించారు. వాడుకలో లేని భవనం మరమ్మత్తు లేక శిథిలమై అవసరానికి అక్కరకు రాదన్నది ఇందులోని సూత్రం. ఇంగ్లాండు పల్లెలలోని పాత బడులకూ ఇదే వర్తిస్తుంది.

సంరక్షణ

పాత పాఠశాల భవనాన్ని కమ్యూనిటీ హాలుగా మార్చేటప్పుడు హాలు పొడవును, కప్పు దూలాలను, కిటికీలను, ద్వారాలపై చెక్కిన అక్షరాలను, గంట గూటిని అలాగే నిలుపుట మంచిది. వంటగది, మరుగుదొడ్లు వంటి కొత్త అవసరాలను పక్క గదులలో గాని, వెనుకవైపు కొత్తగా చేర్చిన భాగంలో గాని ఏర్పరచవచ్చును. సున్నంతో కట్టిన గోడలకు సిమెంటు పూత పూస్తే తేమ లోపలే నిలిచి రాయి, ఇటుక దెబ్బతింటాయి కనుక సున్నమే వాడవలసి ఉంటుంది.

భవనంతోపాటు బడి పత్రాలు కూడా విలువైనవి. 1862 నుండి ప్రభుత్వ గ్రాంటు పొందే ప్రతి పాఠశాలలోనూ ప్రధానోపాధ్యాయుడు దినచర్య పుస్తకం వ్రాయవలసి ఉండేది. కోతల కాలంలో పిల్లలు రాకపోవడం, అంటువ్యాధులు, మంచు, తనిఖీ అధికారి రాక వంటి విషయాలు వాటిలో కనపడతాయి. సామాన్యుల బాల్యాన్ని గూర్చి వ్రాతపూర్వకంగా మిగిలిన సాక్ష్యం స్వల్పం. ఆ పుస్తకం, అది వ్రాయబడిన హాలు రెండూ నిలిచి ఉన్న గ్రామంలో ఒకదాని సాయంతో రెండవదానిని చదవవచ్చును.